ఎత్తుపళ్ళకు ఏ పరికరం సరిపోతుందో తేల్చుకోవడం ఎలా: క్లిప్పులు వేయించే ముందు, వేయించిన తరువాత

పై వరుస పళ్ళు ముందుకు వచ్చిన పిల్లవాడిని పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళిన తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేది "ఏ క్లిప్పులు మంచివి?" అనే. తిరుపతిలో నేనూ అదే అడిగాను. మా ఇద్దరు పిల్లలకూ ఎత్తుపళ్ళే, ఇద్దరికీ పై ముందుపన్నుకూ కింది ముందుపన్నుకూ మధ్య ఎడం 8 మిల్లీమీటర్లే. అయినా అమ్మాయికి రెండు పళ్ళు తీయించి క్లిప్పులు వేయవలసి వచ్చింది, అబ్బాయికి ఒక్క పన్నూ తీయకుండా నోట్లో రెండు ప్లేట్లు పెట్టి కింది దవడను ముందుకు తెచ్చారు. బయటికి ఒకేలా కనిపించే పళ్ళకు వైద్యం ఇంత వేరుగా ఎందుకుంటుందో మాకు తెలియడానికి ముందే ఒక ఏడాది కాలం వృథా అయింది. ఆ ఏడాది మీకు మిగలాలని, అడిగి చదివి తెలుసుకున్నదంతా చేయవలసిన వరుసలో ఇక్కడ రాస్తున్నాను. పరికరం పేరు అడగడానికి ముందు తేల్చుకోవలసినవి మూడున్నాయి: లోపం పళ్ళలో ఉందా దవడలో ఉందా, బిడ్డకు ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉంది, ఆ పరికరాన్ని బిడ్డ నిజంగా నోట్లో ఉంచుకుంటాడా.

మొదటి పని: ఇంట్లో కొలిచి చూడటం

బిడ్డను వెలుతురు పడే కిటికీ దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. ఒకసారి ఉమ్మి మింగించి, వెనుక దవడపళ్ళను మామూలుగా నమిలేటప్పటిలాగే కలపమనండి. మనం చూస్తున్నామని తెలియగానే చాలామంది పిల్లలు కింది దవడను కొద్దిగా ముందుకు తోస్తారు, మింగించడం అందుకే. తరువాత స్కేలు కొసను కింది ముందుపన్ను బయటి వైపుకు ఆనించి, పై ముందుపన్ను అంచు ఎంత దూరంలో ఉందో చదవండి. దీనికి స్టీలు స్కేలే వాడండి, ఎందుకంటే దాని సున్నా సరిగ్గా కొసనుంచే మొదలవుతుంది. జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలుకు సున్నాకు ముందు కొంత ఖాళీ ఉంటుంది, దానితో మొదటిసారి కొలిచినప్పుడు మాకు లెక్క తప్పింది. ఈ ఎడాన్ని డాక్టర్లు ఓవర్‌జెట్ అంటారు. 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే అది మామూలే, 6 దాటితే ఎక్కువని లెక్క. ఎడం పెరిగేకొద్దీ, బిడ్డ కింద పడినప్పుడు ముందుపళ్ళు విరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది. అందం సంగతి పక్కన పెట్టినా ఈ ఒక్క కారణానికే డాక్టరును కలవవచ్చు.

కొలత అయిన తరువాత చేయవలసిన పరీక్ష ఇంకా ముఖ్యమైనది. బిడ్డ ముఖాన్ని పక్కనుంచి చూస్తూ, పై ముందుపళ్ళకు కింది ముందుపళ్ళు తగిలేదాకా కింది దవడను నెమ్మదిగా ముందుకు జరపమనండి. అలా జరిపినప్పుడు పక్క ముఖం పొందికగా మారి, గడ్డం తన చోటికి వచ్చినట్టు అనిపిస్తే, లోపం వెనకబడిన కింది దవడలో ఉన్నదనుకోవచ్చు. అలా కాక గడ్డం, మూతి రెండూ ముందుకు వచ్చి ముఖం ఇంకా ఎబ్బెట్టుగా కనిపిస్తే, కింది దవడ సరిగానే ఉండి పై పళ్ళో పై దవడో ముందుకు వచ్చి ఉండాలి. మా అబ్బాయి దవడ జరిపినప్పుడు వాడి ముఖం వాళ్ళ తాతగారి ముఖంలా నిండుగా కనిపించింది. అమ్మాయి జరిపితే మూతి ముందుకు పొడుచుకొచ్చింది. ఇద్దరికీ వైద్యం వేరు కావడానికి మూలం అక్కడే ఉంది, అప్పట్లో ఆ పరీక్ష మాకు తెలియదు.

ఇంకో రకం కూడా మన ప్రాంతంలో తరచుగా కనిపిస్తుంది. పై పళ్ళూ కింది పళ్ళూ రెండూ ముందుకు వంగి ఉంటాయి, పెదవులు కష్టపడి మూస్తేనే కలుస్తాయి, స్కేలు పెట్టి కొలిస్తే మాత్రం ఎడం మామూలుగానే వస్తుంది. దవడను ముందుకు తెచ్చే పరికరాలు వీరికి పనికిరావు. ఇలాంటివారికి సాధారణంగా పైన రెండు, కింద రెండు పళ్ళు తీసి, ఆ ఖాళీలోకి ముందుపళ్ళను వెనక్కి లాగుతారు.

చివరగా అలవాట్లు చూడండి. బిడ్డ వేలు చీకుతాడా, కింది పెదవిని పై పళ్ళ వెనుక ఇరికించుకుంటాడా, రాత్రి నోరు తెరిచి నిద్రపోతాడా అన్నది రెండు మూడు రాత్రులు గమనించి కాగితం మీద రాసుకోండి. నోటితో గాలి పీల్చే బిడ్డకు ముక్కు వెనుక గ్రంథులు పెరిగి ఉండవచ్చు కనుక, పళ్ళ డాక్టరుతోపాటు చెవి ముక్కు గొంతు డాక్టరుకు కూడా చూపించాలి. వేలు చీకే అలవాటు పోకుండా ఎంత ఖరీదైన పరికరం పెట్టినా, పగలు అది వెనక్కి తెచ్చిన పన్నును రాత్రి వేలు మళ్ళీ ముందుకు తోస్తుంది.

రెండో పని: వయసు చూసి తొందరపడటమో ఆగడమో

కింది దవడను ముందుకు తెచ్చే పరికరాలు ఎదుగుదల వేగంగా ఉన్న కాలంలోనే బాగా పనిచేస్తాయి. ఆడపిల్లలకు ఆ కాలం సుమారు 10 నుంచి 13 ఏళ్ళ మధ్య, మగపిల్లలకు 12 నుంచి 15 ఏళ్ళ మధ్య వస్తుంది. అంటే ఒకే వయసున్న అక్కాతమ్ముళ్ళ పిల్లలైనా, ఆడపిల్ల ముందుగా వెళ్ళాలి. రజస్వల అయి ఏడాది రెండేళ్ళు గడిచిన అమ్మాయికి ఆ వేగం చాలావరకు దాటిపోయి ఉంటుంది, మొదటిసారి వెళ్ళినప్పుడే ఆ సంగతి డాక్టరుకు మొహమాటపడకుండా చెప్పండి.

ఎనిమిదేళ్ళకే మొదలుపెడితే ఇంకా మేలు కదా అనుకోవడం సహజం. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఈ ప్రశ్నపైనే పెద్ద పరిశోధనలు జరిగాయి. చిన్నప్పుడు ఒకసారి, పెద్దయ్యాక మరోసారి అని రెండు విడతలుగా వైద్యం చేసిన పిల్లలకూ, యుక్తవయసులో ఒకే విడతలో చేసిన పిల్లలకూ చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ముందుగా చేయించిన పిల్లల్లో ముందుపళ్ళు విరగడం తగ్గిందన్నదే స్పష్టంగా తేలిన మేలు. అందుచేత బిడ్డ తరచూ పడేవాడైతేనో, బడిలో వెక్కిరింపులకు కుంగిపోతుంటేనో చిన్న వయసులో మొదలుపెట్టండి. లేకపోతే పాలపళ్ళన్నీ రాలే సమయానికి ఒకసారి చూపించి, మొదలుపెట్టవలసిన నెలను డాక్టరునే చెప్పమనడం మంచిది.

మూడో పని: ఎక్స్‌రేలు తీయకుండా ఏ పరికరానికీ ఒప్పుకోకపోవడం

మా ఏడాది పోయింది ఇక్కడే. అమ్మాయికి 11 ఏళ్ళున్నప్పుడు మేము మొదట వెళ్ళిన క్లినిక్‌లో, నోట్లోకి తొంగిచూసి, అచ్చు తీసి, వారంలో తీసిపెట్టుకునే ప్లేటు ఒకటి చేసి ఇచ్చారు. ఎక్స్‌రే తీయలేదు. అమ్మాయి ఏడాదిపాటు శ్రద్ధగా పెట్టుకుంది. కానీ అమ్మాయి పై వరుసలో పళ్ళ మధ్య ఎక్కడా సందు లేదు. సందు లేని వరుసలో ప్లేటు తీగ ముందుపళ్ళను వెనక్కి లాగాలని చూసినా, అవి వెళ్ళడానికి చోటేది? పళ్ళు కాస్త అటూ ఇటూ వంకర తిరిగాయి తప్ప ఎడం తగ్గలేదు. తరువాత కలిసిన డాక్టరు ఎక్స్‌రే తీయించి, "దీనికి మొదట చోటు చెయ్యాల్నమ్మా, లాగేది తరువాత" అని ఒక్క మాటలో విషయం చెప్పారు.

కాబట్టి మీరు వెళ్ళవలసింది ఆర్థోడాంటిస్టు దగ్గరకు, అంటే బీడీఎస్ తరువాత ఆర్థోడాంటిక్స్‌లో మూడేళ్ళ ఎండీఎస్ చేసినవారి దగ్గరకు. ఆ మాట బోర్డు మీద ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. అడిగినందుకు మంచి డాక్టరు ఎవరూ నొచ్చుకోరు. అక్కడ సాధారణంగా నాలుగు పనులు జరుగుతాయి: పళ్ళన్నీ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ, పక్క ముఖం ఎముకలు కనిపించే ల్యాటరల్ సెఫలోగ్రామ్, ఫొటోలు, పళ్ళ అచ్చులు లేదా స్కానింగ్. వీటిలో ఎత్తుపళ్ళ విషయంలో తీర్పు చెప్పేది సెఫలోగ్రామే. దాని మీద పై దవడకూ కింది దవడకూ మధ్య తేడాను చూపే ఏఎన్‌బీ అనే కోణాన్ని కొలుస్తారు. అది మామూలుగా 2 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది, 4 దాటితే తేడా పళ్ళకే పరిమితం కాదు, దవడల్లోనూ ఉందని అనుమానిస్తారు. అదే ఎక్స్‌రేలో మెడపూసల ఆకారం కూడా కనిపిస్తుంది. రెండో, మూడో, నాలుగో పూసల అడుగు అంచు చదునుగా ఉందా, లోపలికి వంపు తిరిగిందా అన్నదాన్నిబట్టి ఎదుగుదల ఎంతవరకు వచ్చిందో అంచనా వేస్తారు. వయసు సర్టిఫికెట్ కంటే ఆ పూసలనే ఎక్కువగా నమ్మాలని నా అభిప్రాయం. "కోణం ఎంత వచ్చింది సార్, ఎదుగుదల ఎంత మిగిలి ఉంది?" అన్న రెండు ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకొని ఇంటికి రండి.

నాలుగో పని: పరికరాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటం

తీసిపెట్టుకునే మామూలు ప్లేటుతో మొదలుపెడదాం. అంగిలికి అతుక్కొనే గులాబీ రంగు ప్లాస్టిక్ అచ్చు, ముందుపళ్ళ మీదుగా పోయే తీగ, వెనుక దవడపళ్ళను పట్టుకొనే కొక్కాలు దీని భాగాలు. ఇది పన్నును వంచుతుంది తప్ప వేరుతో సహా జరపలేదు, దవడను అసలు ముట్టదు. కనుక పై పళ్ళు బయటికి వాలి, వాటి మధ్య సందులు ఉండి, కింది దవడ సరిగా ఉన్న బిడ్డకు మాత్రమే సరిపోతుంది. సరిపోయినచోట చవకలో, త్వరగా పని జరుగుతుంది. ముందుపళ్ళు వెనక్కి రావాలంటే వాటి వెనుక ఆనుకొని ఉన్న అచ్చును డాక్టరు ఎప్పటికప్పుడు అరగదీయాలి. అరగదీయకుండా తీగ ఒక్కటే బిగిస్తూ పోతున్నారంటే, కారణం అడగండి.

కింది దవడ వెనకబడి, ఎదుగుదల మిగిలి ఉన్న బిడ్డకు మొదట ఆలోచించవలసినది ట్విన్ బ్లాక్. స్కాట్లండ్‌కు చెందిన విలియం క్లార్క్ అనే ఆర్థోడాంటిస్టు 1977లో దీన్ని రూపొందించారు. పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు, రెండింటి మీదా దవడపళ్ళ చోట సుమారు 70 డిగ్రీల వాలుతో దిమ్మెలు ఉంటాయి. నోరు మూసినప్పుడు పై దిమ్మె వాలు మీద కింది దిమ్మె జారి, కింది దవడ ముందుకు వస్తేనే నోరు మూతపడుతుంది. అది తప్ప మూసుకొనే దారి ఉండదు కనుక దవడ అక్కడ ఉండటానికి అలవాటుపడుతుంది. దీన్ని అన్నం తినేటప్పుడు కూడా నోట్లో ఉంచుకోవాలన్నదే క్లార్క్ పద్ధతి. 9 నుంచి 12 నెలలు పెట్టుకొన్నాక, చాలామందికి పళ్ళ వరుస చక్కబెట్టడానికి కొన్ని నెలలు క్లిప్పులు కూడా వేస్తారు.

మా అబ్బాయికి మొదటి వారం చాలా కష్టమైంది. నోరంతా ఉమ్మి, "ప" అంటే "ఫ" వచ్చేది, బడిలో పద్యం అప్పజెప్పడానికి లేవలేదు. రోజూ సాయంత్రం అరగంట పేపరు గట్టిగా చదివించాము, ఎనిమిదో రోజుకు మాట తేటపడింది. పై ప్లేటు మధ్యలో చిన్న స్క్రూ ఉంటే దాన్ని తిప్పే బాధ్యత తల్లిదండ్రులదే. సన్నని తాళంచెవిలాంటి పుల్లను రంధ్రంలో పెట్టి, ప్లేటు మీద చెక్కిన బాణం గుర్తు వైపు, డాక్టరు చెప్పిన రోజున పావు చుట్టు తిప్పాలి. తరువాతి రంధ్రం పూర్తిగా కనిపించేదాకా తిప్పి, పుల్లను వెనక్కి తిప్పకుండా జాగ్రత్తగా బయటికి లాగాలి. లేకపోతే తిప్పినదంతా తిరిగి పోతుంది. మేము వంటింటి క్యాలెండర్ మీద తారీఖుల పక్కన గుర్తు పెట్టేవాళ్ళం.

ఈ పరికరం గురించి ఒక నిజం ముందే తెలిసి ఉండాలి. "దవడ పెరుగుతుంది" అని క్లినిక్‌లో చెప్పే మాటలో కొంతే వాస్తవం. ఎడం తగ్గడంలో ఎక్కువ భాగం పై పళ్ళు వెనక్కి వంగడం వల్ల, కింది పళ్ళు ముందుకు వాలడం వల్ల వస్తుంది, దవడ ఎముక వల్ల వచ్చేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. అంతమాత్రాన పరికరం వృథా అని కాదు. మా అబ్బాయికి 8 మిల్లీమీటర్ల ఎడం పళ్ళు తీయకుండానే 3కు వచ్చింది, పెదవులు వాటంతట అవే కలుస్తున్నాయి. కానీ సినిమా హీరో గడ్డం వస్తుందని బిడ్డకు ఆశ పెట్టకండి. ఇదే కుటుంబానికి చెందిన యాక్టివేటర్, బయోనేటర్ అనేవి పైనా కిందా కలిసి ఒకే ముక్కగా ఉంటాయి. వాటితో మాట్లాడటం, తినడం కష్టం. యాక్టివేటర్‌నైతే ఎక్కువగా రాత్రిపూట పెట్టిస్తారు, ఫలితం నెమ్మదిగా వస్తుంది.

బిడ్డ పెట్టుకోడని మీకు ముందే తెలిస్తే, తీయడానికి వీలులేనివి ఉన్నాయి. జర్మనీకి చెందిన ఎమిల్ హెర్బ్‌స్ట్ 1909లో బెర్లిన్‌లో చూపించిన పరికరం వీటిలో పాతది. పై దవడపళ్ళకూ కింది పళ్ళకూ మధ్య ఒకదానిలో ఒకటి జారే గొట్టం, కడ్డీ అమర్చి కింది దవడను ముందుకు పట్టి ఉంచుతారు. చాలాకాలం మరుగునపడిన దీన్ని స్వీడన్‌లో హాన్స్ పాంకెర్జ్ 1979లో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఇప్పుడు క్లిప్పులకే తగిలించే ఫోర్సస్, పవర్‌స్కోప్ వంటివి వచ్చాయి. బ్రిటన్‌లో 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, ట్విన్ బ్లాక్ పెట్టుకున్న పిల్లల్లో సుమారు మూడింట ఒక వంతు దాన్ని పూర్తిచేయలేదు, హెర్బ్‌స్ట్ పెట్టినవారిలో అలా మధ్యలో ఆగినవారు సుమారు ఎనిమిదింట ఒక వంతే. పూర్తిచేసినవారి ఫలితాలు మాత్రం రెండింటికీ దాదాపు సమానం. అయితే హెర్బ్‌స్ట్ ఊడిపోవడం, విరగడం ఎక్కువ, మరమ్మతుకు వెళ్ళే తిరుగుళ్ళూ ఎక్కువే. క్లిప్పులకు తగిలించే వాటితో బుగ్గ లోపల పుళ్ళు పడవచ్చు, కింది ముందుపళ్ళు అవసరానికి మించి ముందుకు వాలవచ్చు. పలమనేరు నుంచో మదనపల్లె నుంచో తిరుపతికి వచ్చిపోయే కుటుంబమైతే, ప్రతిసారీ కడ్డీ ఊడినందుకు ఒక రోజు బడి, ఒక రోజు కూలి పోతాయన్నది కూడా లెక్కలో వేసుకోండి.

తలకూ మెడకూ పట్టీ కట్టుకొనే హెడ్‌గేర్ పై దవడ ముందుకు పెరగకుండా ఆపుతుంది. రోజుకు 12 నుంచి 14 గంటలు పెట్టుకోవాలి. మన ఎండల్లో పిల్లల చేత అన్ని గంటలు పెట్టించడం నేను ఎక్కడా చూడలేదు. డాక్టరు తప్పనిసరి అంటే, లాగినప్పుడు తనంతట అదే విడిపోయే రక్షణ కొక్కెం ఉన్నదే తీసుకోండి, తీగ ఎగిరి కంటికి తగిలే ప్రమాదం ఉంది.

ఎదుగుదల అయిపోయినవారికీ, లోపం పై పళ్ళలోనే ఉన్నవారికీ అసలైన పనిముట్టు అంటించే క్లిప్పులే. సందు లేనప్పుడు కోరపన్ను వెనుకనున్న చిన్న దవడపన్నును రెండు వైపులా తీసి, ఒక్కో వైపు సుమారు 7 మిల్లీమీటర్ల చోటు సంపాదిస్తారు. పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. వరుస సరిచేయడం, ఖాళీ మూయడం, చివరి సర్దుబాటు అన్నీ కలిపి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ముందుపళ్ళను వెనక్కి లాగేటప్పుడు వెనుక దవడపళ్ళు ముందుకు జరిగిపోతే సంపాదించిన చోటు కాస్తా దుబారా అవుతుంది. ఎడం ఎక్కువగా ఉన్నవారికి అది జరగకుండా పళ్ళ వేళ్ళ మధ్య ఎముకలో చిన్న టైటానియం స్క్రూలు బిగించి, వాటిని ఆధారం చేసుకొని లాగుతారు. మా అమ్మాయికి అలాగే చేశారు. మత్తు ఇచ్చి పెట్టారు, నొప్పి ఒక రోజుతో పోయింది.

పళ్ళు తీయించడం అనగానే మా అమ్మ అడ్డం పడింది. పై పన్ను పీకితే చూపు తగ్గుతుందన్నది మన ఊళ్ళలో గట్టిగా నాటుకున్న నమ్మకం. పంటికి వెళ్ళే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు, ఒకదాన్ని తీస్తే రెండోది దెబ్బతినదు. ఇంట్లో పెద్దలకు ఈ మాట డాక్టరు చేతనే చెప్పించండి, మనం చెబితే వినరు. అలాగని ప్రతివారికీ పళ్ళు తీయవలసిన పని లేదు. ఎక్స్‌రే చూపించి చోటు ఎంత కావాలో లెక్క చెప్పని డాక్టరు పన్ను తీద్దామంటే, మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

లోహపు క్లిప్పులా, పంటి రంగు సిరామిక్ క్లిప్పులా అన్నది రూపానికి సంబంధించిన ప్రశ్న, చేసే పని ఒకటే. సిరామిక్‌వి పెళుసు, ధర ఎక్కువ. కనబడవన్న ధీమా కూడా మన వంటకు నిలవదు. వాటి మీద తీగను పట్టి ఉంచే తెల్లని రబ్బరు ఉంగరాలు సాంబారులోని పసుపు తగిలి రెండు మూడు రోజుల్లోనే పచ్చబడతాయి, మళ్ళీ మార్చేదాకా ఆ రంగు పోదు. మా అమ్మాయి బూడిద రంగు ఉంగరాలు అడిగి వేయించుకొని ఆ బెడద తప్పించుకుంది.

కనిపించని అలైనర్లు, అంటే వారం పది రోజులకో జత మార్చే ప్లాస్టిక్ తొడుగులు, రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోగల పెద్దవారికి, ఎడం మరీ ఎక్కువ కానప్పుడు బాగా పనిచేస్తాయి. పళ్ళు తీసి వేళ్ళతో సహా చాలా దూరం జరపవలసిన చోట మాత్రం క్లిప్పులంత నమ్మకం కాదు. టీ తాగిన ప్రతిసారీ తీసి, నోరు కడిగి, పెట్టుకోవాలి. రోజుకు ఆరేడు టీలు తాగేవారు ముందు ఆ సంగతి ఆలోచించుకోవాలి. అందరికీ ఒకే కొలతతో ఇంటికి పంపే కిట్లు, డాక్టరు నోరు చూడకుండా పంపే తొడుగులు వేసుకోకండి.

ఎదుగుదల ముగిసి, కింది దవడ బాగా వెనకబడి ఉన్న పెద్దవారికి రెండే దారులు. దవడల తేడాను అలాగే ఉంచి, పళ్ళను మాత్రం సర్ది కప్పిపుచ్చడం ఒకటి, క్లిప్పులతోపాటు ఆపరేషన్ చేసి దవడను ముందుకు తేవడం రెండోది. దీన్ని నిర్ణయించుకోవడానికి ఆర్థోడాంటిస్టుతోపాటు నోరు దవడల సర్జన్‌ను కూడా కలవాలి.

ఐదో పని: డబ్బు, ప్రయాణం, రాతపూర్వకమైన లెక్క

క్లిప్పుల ధర ఎంతని అడిగితే ఒక అంకె చెబుతారు. ఎక్స్‌రేలు, పళ్ళు తీయడం, స్క్రూలు, ఊడిన బ్రాకెట్లు (తీగను పట్టుకోవడానికి ఒక్కో పంటికి అంటించే ముక్కలు) తిరిగి అంటించడం, క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా పెట్టుకొనే రిటెయినర్లు ఆ అంకెలో కలిసి ఉన్నాయో లేదో విడివిడిగా అడిగి, ఒక కాగితం మీద రాయించుకోండి. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి వెళ్ళాలి కాబట్టి, రెండేళ్ళలో సుమారు ఇరవై ప్రయాణాలు. చిత్తూరు వైపు వారికి వేలూరు దగ్గర. తిరుపతిలో ప్రైవేటు క్లినిక్‌లూ, ప్రైవేటు డెంటల్ కాలేజీ ఉన్నాయి, ప్రభుత్వ డెంటల్ కాలేజీ కావాలంటే కడప వెళ్ళాలి. కాలేజీలో ఖర్చు తక్కువ, గురువుల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు శ్రద్ధగా చూస్తారు. కాకపోతే వారి చదువు మూడేళ్ళే. మీ బిడ్డ కేసు మధ్యలో ఉండగా ఆ విద్యార్థి వెళ్ళిపోతే ఎవరికి అప్పగిస్తారో మొదటి రోజే అడగండి. దూరమైనా మంచిపేరున్న చోటు కంటే, తప్పకుండా వెళ్ళగలిగిన చోటే మేలని నా అనుభవం.

ఆరో పని: రోజువారీ జాగ్రత్తలు

క్లిప్పులు వేసిన మొదటి మూడు నాలుగు రోజులు పళ్ళు పులిసినట్టు ఉంటాయి. ఆ రోజులకు రాగి సంగటి, పప్పు, పెరుగన్నం హాయి. తరువాత కూడా మురుకులు, వేయించిన చెనిక్కాయలు, చెరుకు గడ, మొక్కజొన్న పొత్తు పక్కన పెట్టాలి. చెనిక్కాయలు ఊరుబిండి రూపంలో తినవచ్చు. తోతాపురి మామిడిని కొరకకుండా సన్నని ముక్కలుగా కోసి ఇవ్వండి. తిరుమల లడ్డూ మెత్తగానే ఉంటుంది గదా అనుకొని మా అమ్మాయి కొరికితే, లోపలి కలకండ పలుకు తగిలి ఒక బ్రాకెట్ ఊడింది. అప్పటినుంచి ప్రసాదాన్ని చేత్తో చిదిపి, పలుకులు ఏరి ఇచ్చాము.

ప్రతి భోజనం తరువాత బ్రష్ చేయాలి, తీగ కింద దూరే చిన్న బ్రష్ కూడా వాడాలి. నిర్లక్ష్యం చేస్తే, క్లిప్పులు తీసినరోజున వాటి చుట్టూ తెల్లని మచ్చలు కనిపిస్తాయి, అవి పూర్తిగా పోవు. బుగ్గకు గుచ్చుకొనే చోట డాక్టరు ఇచ్చే మైనాన్ని చిన్న గోళీలా చేసి, బ్రాకెట్‌ను గుడ్డతో తుడిచి ఆరబెట్టాకే అద్దండి, తడి మీద అది నిలవదు. ట్విన్ బ్లాక్‌ను చన్నీళ్ళతోనే కడగండి. వేడినీళ్ళలో వేస్తే వంకరపోయి మళ్ళీ పట్టదు.

ఏడో పని: రిటెయినర్‌ను వైద్యంలో భాగంగా లెక్కించటం

క్లిప్పులు తీయగానే అయిపోయిందనుకుంటే పళ్ళు పాత చోటికి నడవడం మొదలుపెడతాయి. మొదటి కొన్ని నెలలు రోజంతా, తరువాత ఏళ్ళ తరబడి రాత్రిపూట రిటెయినర్ పెట్టుకోవాలి. కింది ముందుపళ్ళ వెనుక సన్నని తీగ అంటిస్తే అది ఊడలేదని నెలకొకసారి వేలితో తడిమి చూసుకోవాలి. ఇంట్లోనైనా బయటైనా తీసిన రిటెయినర్ డబ్బాలోకే పోవాలి. చంద్రగిరిలో బంధువుల పెళ్ళి భోజనానికి కూర్చొని, మా అమ్మాయి దాన్ని తీసి ఆకు పక్కన పెట్టింది. వడ్డన అయ్యాక ఎవరో ఆకులు మడిచి ఎత్తేశారు. మండపం వెనుక కుప్పలో గంటసేపు వెతికినా దొరకలేదు. మరుసటి రోజు ఉదయమే క్లినిక్‌కు వెళ్ళి కొత్తది చేయించాము, ఆలస్యం చేయనందువల్ల పళ్ళు కదలలేదు.

రిటెయినర్ రెండు మూడు రోజులు మానేసి తిరిగి పెట్టినప్పుడు కొంచెం బిగుతుగా ఉంటే, ఆ రాత్రి నుంచే క్రమం తప్పకుండా పెట్టుకోవడం మొదలుపెట్టండి. అసలే కూర్చోకపోతే బలవంతంగా నొక్కకండి, తీగ వంగుతుంది లేదా అచ్చు పగులుతుంది. దాన్ని అలాగే డబ్బాలో పెట్టుకొని, వారం దాటకుండా డాక్టరుకు చూపించండి.